లోపల వదిలిన గుడ్డ

పోయిన వారం మిమ్మల్ని ఆస్పత్రి వరండాలో నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పాపెట్టకుండా లోపలికి వెళ్ళిపోయాను. నా నంబరు పిలిచారు మరి. ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మొదటినుంచీ ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను టైలరుని. కొత్తవి కుట్టను. కొన్న బట్టలు ఒంటికి సరిపోకపోతే బిగించి ఇస్తాను, వదులు చేసి ఇస్తాను. మా బుజ్జిది పుట్టి రెండేళ్ళ నాలుగు నెలలైంది. అదైతే బయటికొచ్చి ఇల్లు పీకి పందిరేస్తోంది గానీ, అదున్న పొట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. షాపుకొచ్చేవాళ్ళలో ప్రతి మూడో మనిషీ "ఎన్నో నెలమ్మా?" అంటారు. మొదట్లో ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. తర్వాత కోప్పడేదాన్ని. ఈ మధ్య "ఇరవై ఎనిమిదో నెల" అని చెప్పి సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. కోపం రావడం కూడా ఒక పనే, దానికీ ఓపిక కావాలి.

పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకోవడం ఖాయమైంది. ఏ రకం అన్న దగ్గరే పేచీ. చిన్నదైతే బొడ్డు కింద కొంచెం మేర కోస్తారు. పెద్దదైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా. షాపులో బొమ్మకి దూది కట్టి, నా కొలత వచ్చేదాకా పాత దుప్పటి ముక్క చుట్టి, రెండు రకాలూ కత్తిరించి చూసుకున్నానని పోయిన వారం చెప్పాను కదా. మా ఆయన ఆ బొమ్మని చూసి పెద్దదే అన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. దేన్నైనా మొత్తం విప్పి బిగిస్తే తప్ప తృప్తి ఉండదు. నేను చిన్నదే అన్నాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నది పైకి చెప్పిన కారణం.

అసలు కారణం, నాకు రెండో బిడ్డ కావాలి. వచ్చే ఏడాది. ఆ మాట ఎప్పుడెత్తినా ఆయన "ముందు నీ ఒంట్లో శక్తి రానీ" అంటారు. ప్రతి నెలా ఒకటో తారీఖున, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల పట్టీ తెచ్చి అద్దం ముందు పెడతారు. పెళ్ళిరోజు మర్చిపోతారు గానీ ఆ మాత్రలు మర్చిపోయిన నెల లేదు. ఇంత జాగ్రత్త గల మొగుడు ఎవరికి దొరుకుతాడు అనుకునేదాన్ని.

ఇక లోపలికి రండి.

డాక్టరమ్మ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కాగితం పరిచిన మంచం, మంచానికి అడ్డంగా ఆకుపచ్చ తెర. తెర అంచు కుట్టు ఒకచోట తప్పి దారం వేలాడుతోంది. నాకు ముందు అదే కనిపించింది. నా వెనక మా ఆయన, ఆయన వెనక మా ఆడపడుచు వచ్చారు. మా ఆడపడుచు నర్సు. బుజ్జిది పుట్టిన ఆస్పత్రిలోనే ఉద్యోగం. పాత ఆపరేషన్ కాగితాలు చూడందే తేదీ ఇవ్వనన్నారని తనే అక్కడినుంచి దళసరి కవరొకటి తెచ్చింది. దాన్ని నా చేతికివ్వకుండా నేరుగా డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. వదినకి బరువెందుకులే అనుకుందని అనుకున్నాను.

"పడుకోండమ్మా. మోకాళ్ళు మడవండి. తల కొంచెం ఎత్తండి," అంది డాక్టరమ్మ.

తల ఎత్తాను. పొట్ట మధ్యలో గుట్టలా లేచింది. ఆ గుట్టలోకి ఆవిడ వేళ్ళు దిగాయి.

"మూడు వేళ్ళ సందు. కండరాలు రెండువైపులకీ విడిపోయాయి. నడుం నొప్పి ఉండాలే?"

"మిషన్ మీద అరగంట వంగితే లేవలేను."

"ఇక్కడ ముట్టుకుంటే తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"మీరు ముట్టుకున్నట్టు కనిపిస్తోంది. తెలియడం లేదు."

పాత కోత పైన అరచేయంత మేర నాకు స్పర్శ లేదు. ఒకసారి ఎవరిదో కోటు పొట్టకి ఆనించుకుని గుండుసూదులు గుచ్చుతున్నాను. కోటు తీసి చూస్తే లోపలి అస్తరు మీద ఎర్ర చుక్క. సూది నాలోకి దిగినా నాకు తెలియలేదు. ఆ చుక్క చల్లనీళ్ళతో కడిగి, కోటు ఆరబెట్టి ఇచ్చేశాను. ఈ తిమ్మిరి పొట్ట దగ్గర మొదలై ఎక్కడిదాకా పాకిందో నాకే తెలియదు. ఇంట్లో అందరూ పగలబడి నవ్వేటప్పుడు నేనూ నోరు తెరుస్తాను, అంతే.

డాక్టరమ్మ ఊదారంగు పెన్ను తీసి గీతలు గీసింది. ఇన్నేళ్ళూ సుద్దముక్క పట్టుకుని జనాల మీద నేను గీశాను, నా మీద ఎవరైనా గీయడం ఇదే మొదలు. చెయ్యి తిరిగిన మనిషే. గీత ఎక్కడా వణకలేదు.

"ఈ పొట్టి గీత చిన్నది. బొడ్డు కదలదు, కింద వదులు మాత్రం పోతుంది. పది రోజుల్లో షాపు తెరుచుకోవచ్చు. కానీ పైన విడిపోయిన కండరాలు అలాగే ఉంటాయి. మీ నడుం నొప్పీ ఉంటుంది. ఈ పొడుగు గీత పెద్దది. పక్కటెముకల దగ్గరనుంచి కిందిదాకా కండరాలు రెండూ దగ్గరికి లాగి కుట్టేస్తాం. చర్మం కిందికి లాగి మిగిలింది తీసేస్తాం. బొడ్డుకి కొత్త రంధ్రం పెడతాం. రెండు మూడు వారాలు వంగి నడవాలి. ఆరు వారాలు పాపని ఎత్తుకోకూడదు."

"వెనక్కి నడుం దాకా పోయేది కూడా ఉందట కదా?" అన్నారు మా ఆయన.

"ఉంది. బాగా బరువు తగ్గినవాళ్ళకి. ఈవిడకి అక్కర్లేదు."

నేను లేచి కూర్చుని బట్ట సర్దుకున్నాను. అడగాల్సింది ఒకటి మిగిలింది.

"మేడమ్, మిగిలింది తీసేస్తాం అన్నారు. లోపల మార్జిన్ వదులుతారా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. చెప్పాను. నాకు పని నేర్పిన మాస్టరు పెట్టిన నియమం ఒకటుంది. బట్ట ఎంత వదులున్నా బిగించు, మడిచి లోపలికి కుట్టు, కత్తెర మాత్రం పెట్టకు. కోసిన గుడ్డ అతకదు. ఇవాళ సన్నగా ఉన్న మనిషి రేపు లావెక్కి వస్తుంది, అప్పుడు కుట్టు విప్పి వదలడానికి లోపల గుడ్డ ఉండాలి. పదిహేనేళ్ళుగా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలకుండా ఏ బట్టా నా షాపు దాటలేదు.

డాక్టరమ్మ నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు. "చర్మం మడిచి లోపల పెడితే కుళ్ళిపోతుందమ్మా. తీసిందంటే తీసేసినట్టే."

మా ఆయన కూడా నవ్వారు. "పొట్ట కూడా ప్యాంటే అనుకుంటోంది మేడమ్, వృత్తి ధర్మం."

మా ఆడపడుచు నవ్వలేదు. చిన్నదానికీ పెద్దదానికీ కిసుక్కుమనే పిల్ల. చేతిలో మంచినీళ్ళ సీసా మూత జారి కుర్చీ కిందికి దొర్లితే వంగి తీసుకోలేదు కూడా. నా మొహంకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"మీ ప్రశ్నలో అర్థముంది," అంది డాక్టరమ్మ, బల్ల వెనక కూర్చుంటూ. "ఈ పొట్ట మళ్ళీ సాగాల్సిన పని ఉంటే ఇప్పుడు ఏ రకమూ వద్దు. కుట్టింది కుట్టినట్టే విడిపోతుంది. ఇంకో బిడ్డ కావాలా మీకు?"

"కావాలి," అన్నాను.

"వద్దు," అన్నారు మా ఆయన, నా మాట పూర్తికాకుండానే.

డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, ఇలాంటివి చాలా చూశానన్నట్టు కవరు విప్పింది. కాగితాలు తిప్పుతూనే అడిగింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"పిల్లలు పుట్టకుండా మాత్రలు. అవొక్కటే."

కాగితం తిప్పే చెయ్యి ఆగింది. ఆవిడ నన్ను చూసింది, కాగితం చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"ఎవరు రాశారమ్మా మీకు? మీకు అవసరం లేదుగా. కాన్పప్పుడే ట్యూబులు కట్టేశారు కదా."

ఆ మాట గదిలో పడింది. నేను తెర అంచు చూశాను. ఎడమవైపునుంచి లెక్కపెడితే తొమ్మిదో కుట్టు తప్పింది. అక్కడ మిషన్ టెన్షన్ వదులైంది, పై దారం సరిగ్గా లాగలేదు. అయిదు నిమిషాల పని, ఎవరూ పట్టించుకోలేదు. నాకు కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు.

"మరి ఆ మాత్రలు?" అన్నాను మా ఆయనతో.

ఆయన నేల చూశారు.

"ఒకటో తారీఖు మాత్రలండీ. అద్దం ముందు పెడతారే, అవి. అవి దేనికి?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నారు మెల్లగా. "పరాయివాళ్ళ ముందెందుకు? కడుపు చించుకుంటే మన కాళ్ళ మీదే పడుతుంది."

"చించడానికేగా వచ్చాం."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "నేను కాసేపు బయట ఉండనా?"

"వద్దు మేడమ్. ఈ గదిలో నాకు నిజం చెప్పింది మీరొక్కరే. కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, లిఫ్టు ఎక్కడ ఆగిపోయిందో వివరించినట్టు ఒక్కో మాటా చెప్పుకొచ్చారు.

"నొప్పుల్లో గర్భసంచి చిరిగింది. రక్తం ఆగలేదు. ఎలాగో కుట్టారు. ఇంకో కాన్పంటూ వస్తే మనిషి దక్కదన్నారు. నువ్వు నాలుగో రోజుకి పూర్తిగా తెలివిలోకొచ్చావు. కళ్ళు తెరిచి బుజ్జిదాన్ని చూసి, నువ్వన్న మొదటి మాటేంటో తెలుసా? 'రెండోసారి ఇంత కష్టం ఉండదంట కదండీ' అన్నావు. నేనేం చెప్పను?"

"ఉన్నది చెప్పాలి."

"చెబుదామనే అనుకున్నాను. ఇంటికెళ్ళాక, కోలుకున్నాక అనుకున్నాను. ఈలోగా నువ్వే మాత్రలు తెమ్మన్నావు. ఒక నెల తెచ్చాను. రెండో నెల తేకపోతే ఎందుకంటావు. అలా అలా..."

"అలా ఇరవై ఎనిమిది నెలలు."

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వెయ్యి అబద్ధాలు ఆడాలంటారు. మా ఆయన అన్ని ఆడలేదు. ఒకే అబద్ధాన్ని పట్టీలుగా కొని తెచ్చారు, రోజుకొకటి నేను మంచినీళ్ళతో మింగాను. ఆ మాత్రలకి పొద్దున్నే కడుపులో తిప్పేది. ఓర్చుకునేదాన్ని. వేసుకోవడం మానేసిన నెల తమ్ముడో చెల్లో వస్తారు కదా అనుకునేదాన్ని. బుజ్జిదానికి పొట్టయిన గౌన్లన్నీ ఉతికి, చిరుగులు కుట్టి, షాపు పై అరలో సంచీలో దాచాను. అది ఆయనకీ తెలుసు. ఆ సంచీ పైకెక్కించింది ఆయనే.

అందుకేనన్నమాట పెద్దదే చేయించుకోమన్నది. ఇక సాగాల్సిన పని లేదని ఆయనకి తెలుసు.

"సంతకం ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేను పెట్టలేదు," అన్నారు. "ఒట్టు."

డాక్టరమ్మ అడగకుండానే ఒక కాగితం విడదీసి, లేచొచ్చి నా చేతికిచ్చింది. ట్యూబులు కట్టడానికి ఒప్పుకుంటున్నాను అన్న కాగితం. కింద నా పేరు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీత దాటి కిందికి జారిపోయాయి.

"ఇది నేను పెట్టింది కాదు. ఎవరో పెట్టారు," అన్నాను. గొంతు మామూలుగానే ఉంది. జిప్పు మార్చాలా, బాగుచేస్తే చాలా అని అడిగినట్టుంది.

బల్ల మీద, గంట క్రితం కౌంటరులో నేను నింపిన ఫారం ఉంది. దాన్ని అడిగి తీసుకుని, ఒళ్ళో ఈ కాగితం పక్కన పెట్టాను. దొంగ సంతకమని తేల్చేద్దామనే పెట్టాను. నా సంతకం చివర రెండు చిన్న నిలువు గీతలుంటాయి. వీపు ముక్కని గుర్తుపట్టడానికి గుడ్డ అంచున పెట్టే గాట్లు అవి. ముందు ముక్కకి ఒకటి, వీపు ముక్కకి రెండు. పని నేర్చుకునే రోజుల్లో అలవాటై సంతకంలోకి కూడా వచ్చేశాయి. బ్యాంకులో రెండుసార్లు తిట్లు తిన్నా పోలేదు. నాకు తప్ప ఎవరికీ లేవు.

పాత కాగితం మీద, జారిపోయిన పేరు చివర, రెండు గాట్లు ఉన్నాయి.

వేలితో తడిమాను. ఆ పెన్ను పట్టుకున్నట్టు గానీ, ఆ కాగితం చూసినట్టు గానీ నాకు గుర్తులేదు. నా ఒంట్లో ఇంకో నేను ఉండి, నన్నడక్కుండా సంతకం పెట్టి పోయిందా?

"రక్తం ఎక్కుతుంటే, మత్తులో ఉంటే, ఈ కాగితం పెట్టిన అట్ట నా చేతి కింద ఎవరు పట్టుకున్నారు?"

"నేనే వదినా," అంది మా ఆడపడుచు.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల, నా మంచం దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎంత గట్టి మనిషో నాకు తెలుసు. ఇప్పుడు బుజ్జిది గిన్నె పగలగొట్టి వచ్చి కూర్చున్నట్టు కూర్చుంది.

"డ్యూటీ నాదే. అన్నయ్య రక్తం కోసం కింద పరిగెడుతున్నాడు. డాక్టర్లు ఒక్క నిమిషమే ఇచ్చారు. ఇప్పుడు కట్టకపోతే మళ్ళీ పొట్ట తెరవాలి అన్నారు. నిన్ను తట్టి లేపాను. కళ్ళు తెరిచావు. చెప్పిందంతా విన్నావు వదినా. తలూపావు కూడా. నువ్వు వింటున్నావనే అనుకున్నాను."

"ఈ కవరు తెచ్చింది నువ్వే. ఇవాళ తెలిసిపోతుందని తెలియదా?"

"డాక్టర్లు లోపల్లోపల చదువుకుంటారు, పైకి చదవరు అనుకున్నాను. ఆపరేషన్ చేసేవాళ్ళ దగ్గర దాస్తే నీ ప్రాణానికి ముప్పు. అందుకే తెచ్చాను." మంచం అంచు పట్టుకుంది. "వదినా, ఆ రోజు సంతకం పెట్టేముందు నువ్వొక మాట అడిగావు."

"ఏమని?"

"ఇందాక మేడమ్‌ని అడిగిన మాటే. 'లోపల మార్జిన్ వదులుతారా' అని."

మా ఆయన తలెత్తారు. ఆయనకి కూడా ఈ సంగతి తెలియదని ఆ మొహం చూస్తే అర్థమైంది.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"వదులుతారన్నాను."

ఆ పిల్ల ఏడుస్తోంది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. ఎందుకు వేశానో తెలియదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"వదిలారా?"

"నాకు తెలీదు వదినా. నీకు మత్తిచ్చాక నన్ను బయటికి పంపేశారు. ఏం చేశారో చివరి పేజీలో రాసుంటుంది. ఇన్నాళ్ళూ ఈ కాగితాలున్న బీరువా తాళం నా దగ్గరే ఉంది. ఒక్కసారి కూడా తీసి చదవలేకపోయాను."

డాక్టరమ్మ కాగితాలు దగ్గరికి లాక్కుంది. చాలా నెమ్మదిగా, చేతిలో పగిలేది ఏదో ఉన్నట్టు మాట్లాడింది. "ట్యూబులు కట్టడంలో కూడా రకాలుంటాయమ్మా. కొన్ని మళ్ళీ విప్పి అతికే ప్రయత్నం చేయొచ్చు. కొన్నింట్లో అతకడానికి ఏమీ మిగలదు. అతికినా మీ గర్భసంచి ఇంకో బిడ్డని మోయగలదా అన్నది వేరే ప్రశ్న. ముందు ఏం చేశారో చూద్దాం. దాన్ని బట్టే ఈ గీతల సంగతి." ఊదారంగు గీతల వైపు చూపించింది. చిన్నదీ పెద్దదీ రెండూ నా బట్టలకి అంటుకుని అలికిపోతున్నాయి.

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. రక్తం సీసాల పట్టిక. జ్వరం పట్టిక. మందుల చీటీ. ఆఖరి పేజీ వచ్చింది.

ఆవిడ చదవబోయేలోపు, దాని మీద మా ఆయన అరచెయ్యి పడింది. గోళ్ళలో గ్రీజు నల్లగా, ఎంత కడిగినా పోని గ్రీజు. వైరు తెగి వేలాడే లిఫ్టు కింద దూరినా వణకని చెయ్యి అది. ఇప్పుడు కాగితాన్ని బల్లకి అదిమి పట్టింది.

"వద్దు," అన్నారు. "డిశ్చార్జి రోజే నేను చదివాను."

అప్పుడు నాకు భయమేసింది. చేతులు చల్లబడ్డాయి. ఈ మధ్య కాలంలో నాకు ఏదో ఒకటి అనిపించడం అదే మొదటిసారి. నా ఒంట్లో ఎక్కడో ఇంకా స్పర్శ ఉంది.

మంచం దిగి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యండి."